పత్తి మిల్లులో తెల్లచీర

ఆలూరు నుంచి ఆదోని పోయే దోవలో, ఊరు దాటగానే ఎడమచేతి పక్క ఒక పాత పత్తి మిల్లు ఉంది. మూతబడి ఇరవై ఏళ్లు పైనే. రేకులు సగం గాలికి లేచిపోయాయి, వెనక గోడ కూలిపోయింది. అయినా ఆ ఇటుకల్లో ఒక్కదాన్ని కూడా ఎవరూ ఎత్తుకుపోలేదు. దొడ్డిగోడకు నాలుగు ఇటుకలు తక్కువైతే పక్కింటి గోడ మీద కన్నేసే ఊరది. ఆ ఊరే వాటిని ముట్టలేదంటే మిల్లుకు ఎంత చెడ్డపేరుందో చూడండి.

శివలీల అని ఒకామె మిల్లు నడిచే రోజుల్లో అక్కడ పత్తి ఏరేది. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. ఒకరోజు చీరకొంగు మిషను బెల్టులో చిక్కుకుంది — అంతే.

ఆ తర్వాత చీకటి పడ్డాక అటు వెళ్లినవాళ్లకు లోపల గాజుల చప్పుడు వినిపించేది. గలగలమని కాదు... పనిచేసుకునే ఆడవాళ్ల చేతుల మీద ఉండే చప్పుడు. చెయ్యి ముందుకు, చెయ్యి వెనక్కు. విన్నవాళ్లు ఊళ్లో పాతికమంది ఉంటారు. చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు — కేశవయ్య శెట్టి దాకా.

కేశవయ్యది బస్టాండు పక్కన కిరాణా అంగడి. మంచి మనిషి. నలుగురూ తనను మంచి మనిషి అనాలని కాస్త ఆశ కూడా ఉన్న మనిషి. దెయ్యాలూ గియ్యాలూ ఏమీ లేవని పగటిపూట అందరికీ చెప్పేవాడు.

అది సునామీ వచ్చిన ఏడు. ఆదివారం పొద్దున ఎక్కడో సముద్రం అడుగున భూమి అదిరిందన్నారు. మధ్యాహ్నానికి ఊళ్లో సగం మంది కేశవయ్య అంగడిలో టీవీ ముందు నిలబడి ఉన్నారు. సముద్రం లేచి రోడ్డు మీదికి వచ్చింది. కార్లు తేలుతున్నాయి, పడవలు ఇళ్ల మీద కూర్చున్నాయి. చూసేవాళ్లేమో ఆ ఏడు వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు కాడ బిందె కోసం కొట్లాడుకున్నవాళ్లు.

"అన్ని నీళ్లే..." అన్నాడు పుల్లయ్య అనే రైతు, వేరుశనగ వేసి పోగొట్టుకున్న మనిషి. "దాంట్లో ఒక చెంబెడన్నా మన చెరువులో..."

అంతలో టీవీలో ఒక తల్లిని చూపించారు. వట్టి చేతులు చాచుకుని ఒడ్డున అటూ ఇటూ తిరుగుతోంది. పుల్లయ్య నాలుక కరుచుకుని, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, అంగడి దిగి వెళ్లిపోయాడు. 

సముద్రం ఆలూరుకు మూడువందల కిలోమీటర్ల పైనే. అయినా ఆ రాత్రి చాలామంది బియ్యం మూటలు అటక మీదికెక్కించారు. కొందరు నేలకు చెవి ఆనించి పడుకుని, కదులుతోందన్నారు, లేదన్నారు, మళ్లీ కదులుతోందన్నారు. బస్టాండులో క్షవరం చేసే ఆయన భూమి కింద పలకలు ఎట్లా జరుగుతాయో సబ్బు నురగలో గీసి చూపించాడు. గడ్డం గీయించుకోవడానికి వచ్చినాయన ఆ నురగతోనే అరగంట కూర్చున్నాడు.

భయం తీరాక బాధ మిగిలింది. ఏదో ఒకటి చెయ్యాలనిపించింది అందరికీ. నెల్లూరు అవతల ఒడ్డుపల్లెల వాళ్లకు బట్టలు పంపుదామని ఒక కమిటీ వేశారు. ప్రెసిడెంటు కేశవయ్యే. బట్టలు పోగు వెయ్యడానికి అంత పెద్ద చోటు పత్తి మిల్లు తప్ప ఊళ్లో ఇంకోటి లేదు. పగలే కదా, మందే కదా అని ధైర్యం చేసి శుభ్రం చేశారు. గేటుకు కొత్త తాళం వేశారు. తాళంచెవి కేశవయ్య మొలతాడుకు ఎక్కింది.

మూడు రోజుల్లో గుట్ట పడింది. చీరలు, పంచెలు, స్వెట్టర్లు, ఒక పెళ్లికొడుకు సూటు కూడా. లోకల్ కేబుల్ ఆయన కెమెరా పట్టుకుని రానేవచ్చాడు. ముందు ప్రెసిడెంటు గారింట్లోంచి ఏమొచ్చిందో చూపిద్దాం అన్నాడు.

కేశవయ్య ఊరందరినీ అడిగాడు గానీ తనింట్లోంచి ఇంకా ఏమీ తేలేదు. భార్య అలివేలమ్మ చెల్లెలింటికని ఆదోని వెళ్లి ఉంది. గబగబా ఇంటికి పోయి, టేకుపెట్టె తెరిచి, పైనున్న మూటలో పాతబడ్డ తెల్లగుడ్డ కనిపిస్తే తన పాత పంచెలే అనుకుని పట్టుకొచ్చాడు. కెమెరాకు ఒక నవ్వు నవ్వి, మూట విప్పి, గుట్ట మీద గుమ్మరించాడు. ఏం గుమ్మరించాడో చూసుకోలేదు. కెమెరానే చూస్తున్నాడు.

ఆ కెమెరా ముందే ఇంకొకటి జరిగింది. మిల్లు వెనక గుడిసెలో ఉండే సుబ్బరత్నమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. డెబ్భై అయిదేళ్ల మనిషి, చూపు పోయి పదేళ్లు. మిల్లు నడిచినన్నాళ్లూ అక్కడే పనిచేసింది. మడత నలగని ఒక చీర రెండు చేతులా పట్టుకుని ఉంది. అంచు లేదు, రంగు లేదు... ఉత్త తెల్లచీర.

విధవరాలి చీర. కమిటీ వాళ్లు మొహాలు మొహాలు చూసుకున్నారు. శుభమా అని పంపిస్తున్న లారీలో ఇదెట్లా అన్నట్టు.

"తెల్లది వద్దులే అవ్వా," అన్నాడు కేశవయ్య మెత్తగానే. "రంగువే తీసుకుంటాండాం. నువ్వే ఉంచుకో."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలామె ఏదో చెప్పబోయింది. చెప్పలేదు. వచ్చిన దోవనే గోడ తడుముకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం బస్సుకు అలివేలమ్మ దిగింది. కాళ్లు కడుక్కుని, పెట్టె తెరిచి, అడుగు దాకా వెతికింది.

"ఏమండీ, నా మధుపర్కం యాడ?"

అప్పుడు వెలిగింది కేశవయ్యకు. ముప్పై ఆరేళ్ల కింద తలంబ్రాలప్పుడు ఆమె కట్టుకున్న చీర. తెల్లనూలు, సన్నటి ఎర్రంచు. ఏటేటా ఎండకు వేసి, మడత మార్చి, మళ్లీ పెట్టెలో పెడుతుంది. పెట్టిన ప్రతిసారీ కూతుళ్లకు చెబుతుంది — నేను పోయిన దినం నా మీద ఇదొక్కటే కప్పండి, ఇంకేమీ వద్దు అని. కేశవయ్య కూడా ప్రతిసారీ వినేవాడు, పేపరు చదువుకుంటూ.

నోటికి వచ్చిన అబద్ధం చెప్పేశాడు. ముక్కిన వాసన వస్తోందని చాకలికి వేశానన్నాడు.

అలివేలమ్మ ఆయన వైపు చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపు పొద్దునకు నా చేతికి రావాల," అని మాత్రం అంది.

రేపు పొద్దున ఏడింటికి లారీ. డ్రైవరు మద్దిలేటి అప్పుడే మాట తీసుకుని వెళ్లాడు, ఆలస్యమైతే ఉండనని. పోనీ పదిమందిలో వెళ్లి వెతుక్కుందామంటే, ఆ గుమ్మరింపు కేబుల్‌లో అప్పటికే మూడుసార్లు వచ్చింది. ఇచ్చింది వెనక్కు తీసుకున్న ప్రెసిడెంటు అనిపించుకోవాలి. అందుకని ఆ రాత్రే వెళ్లాలి.

ఊరంతా టీవీల ముందు కూర్చుని అదే అలను మళ్లీ మళ్లీ చూస్తున్న వేళ, బ్యాటరీ లైటు తీసుకుని, అంగడిలో లెక్క చూసుకోవాలని చెప్పి బయల్దేరాడు కేశవయ్య.

వెన్నెల ఇంకా రాలేదు. చలి. గేటు తాళం తీసి, లోపలికి వెళ్లి, ఎవరూ రాకుండా లోపలి నుంచి మళ్లీ తాళం వేసుకున్నాడు. వేసుకున్నాక అనిపించింది — లోపలున్నది బయటికి పోకుండా కూడా వేసినట్టే కదా అని. మళ్లీ తియ్యబోతే చీకట్లో తాళంచెవి కింద పడుతుందని ఊరుకున్నాడు.

గుట్ట పగటికన్నా పెద్దదిగా ఉంది. ఒక చొక్కా చెయ్యి బయటికి వేలాడుతోంది. పక్కకు తోశాడు. మళ్లీ వేలాడింది.

వెతికాడు. తెల్లగా ఏది కనబడినా లాగాడు. పంచె... దుప్పటి... పంచె... బనీను. బ్యాటరీ పసుపుపచ్చగా అయిపోతోంది. ఒకటి రెండుసార్లు విదిలించాడు.

అప్పుడు వినిపించింది.

చెయ్యి ముందుకు... చెయ్యి వెనక్కు.

గాజులు.

కేశవయ్యకు ఒళ్లంతా చెవులే అయింది. మిషన్ల అవతల, కూలిన గోడ వైపు నుంచి... దగ్గరికి వస్తోంది. లైటు ఆర్పేద్దామని బొటనవేలు మీటకు ఆనించాడు. ఆర్పేలోపల ఆ పసుపు వెలుతురు ఒక్క క్షణం దేని మీదో పడింది.

ఒక చెయ్యి. మోచేతి దాకా గాజులు. పచ్చవి.

చీకటి.

ఎట్లా దూరాడో ఆయనకే తెలియదు, గుట్టలోకి దూరిపోయాడు. నోట్లో ఎవరిదో స్వెట్టరు చెయ్యి. పైన రేకులు లేచిపోయిన సందులోంచి కాస్త చుక్కల వెలుతురు పడుతోంది. అందులోకి తెల్లగా ఒక ఆకారం వచ్చింది. చేతిలో దీపం లేదు. దారిలో మిషన్లున్నాయి, బెల్టులున్నాయి, గుంతలున్నాయి... పగలు కమిటీ వాళ్లే నలుగురు బోర్లా పడ్డారు. ఆ ఆకారం మాత్రం ఒక్కదానికీ తగలకుండా, తొందర లేకుండా, తిన్నగా గుట్ట దగ్గరికి వచ్చి ఆగింది.

"ఈడనా?" గుసగుసగా అడిగింది.

ఎవరూ జవాబు చెప్పలేదు.

"సరే... ఈడనే పెడతా."

వంగింది. ఏదో పెట్టింది. చేతులతో గుట్టను తడుముతోంది. ఆ చేతులు కేశవయ్య తల పైనున్న దుప్పటి మీదికి వచ్చి... ఆగి... పక్కకు పోయాయి.

"ఇదేందే..." అంది, ఇంకా మెల్లగా. "ఇదెట్లొచ్చె ఈడికి?"

 తర్వాత గుడ్డ మడిచిన చప్పుడు.

"పద పోదాం."

గాజులు దూరమయ్యాయి. చెయ్యి ముందుకు, చెయ్యి వెనక్కు... గోడ వైపు... అవతలికి.

కేశవయ్య వంద లెక్కపెట్టాలనుకున్నాడు. పన్నెండు దగ్గర ఓపిక అయిపోయింది. బయటికి పాకుతుంటే చేతికి తగిలింది — గుట్ట మీద, మడత పెట్టిన మెత్తటి నూలుచీర. చుక్కల వెలుతుర్లో తెల్లగా. ఇదే, ఇదే అనుకుని చంకన పెట్టుకుని పరిగెత్తాడు. తాళం ఎట్లా తీశాడో, మళ్లీ ఎట్లా వేశాడో దేవుడికి తెలియాలి. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

ఇంట్లో అలివేలమ్మ మేలుకునే ఉంది. మొగుడు గుమ్మంలోకి వచ్చాడు. తలనిండా పత్తిదూది, ఒంటి చెప్పు, ఊపిరి అందడం లేదు.

"ఇదిగో నీ చీర," అని ఆమె చేతిలో పెట్టాడు. "చాకలాయన తొందరగానే ఇచ్చేసినాడు."

ఆమె లైటు కిందికి వెళ్లి మడత విప్పింది. ఒక మడత, రెండు మడతలు. అంచు రాలేదు. మూడో మడతకూ రాలేదు. మొత్తం విప్పినా ఉత్త తెలుపు.

అలివేలమ్మ ముఖం ఆ చీరంత తెల్లగా అయింది.

"ఏమండీ," అంది. "మీరు ఉండంగానే... నాకీ చీర తెచ్చినారా?"

కేశవయ్య చీర వంక చూశాడు. ఇంటావిడకు మొగుడు తన చేత్తోనే విధవరాలి చీర తెచ్చివ్వడం ఏ ఊళ్లోనైనా ఉందా? ఒకవేళ... మిల్లులోనే గుండె ఆగి, అక్కడే పడిపోయి, ఇంటికి వచ్చింది తను కాదేమో? వంగి పాదాలు చూసుకున్నాడు. ముందుకే ఉన్నాయి. గోడ మీద నీడ చూసుకున్నాడు. ఉంది. అప్పటికీ నమ్మకం కుదరక, ఒకసారి గిల్లమని చెయ్యి చాచాడు.

అలివేలమ్మ గిల్లింది. ముప్పై ఆరేళ్ల బాకీ అంతా కలిపి గిల్లింది. కేశవయ్య కెవ్వుమన్నాడు. ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది.

ఆ తర్వాత ఆయన మంచం మీద కూర్చుని అంతా చెప్పేశాడు. పెట్టె, కెమెరా, చాకలి అబద్ధం, గాజులు. పగలు సుబ్బరత్నమ్మ చీర వద్దన్నది కూడా చెప్పాడు, చిన్నమాటగా. అలివేలమ్మ మిగతా దేనికీ ఏమీ అనలేదు. అక్కడ మాత్రం ఆపింది.

"సుబ్బరత్నమ్మను వెనక్కి పంపించేసినారా? అందరి ముందర?"

కేశవయ్య తల దించుకున్నాడు.

"ఇది ఆమె చీరే," అంది. మడతలు మళ్లీ వేస్తూ, ఎప్పుడూ వాడనంత మెత్తటి గొంతుతో అంది, "నా చీర దొరికితే దొరికె, లేకుంటే లే. తెల్లారి పోయి ఇది ఆమెకిచ్చి, తప్పయిందని చెప్పాల."

కోడి కూయకముందే ఇద్దరూ మిల్లు వెనక గుడిసెకు పోయారు. సుబ్బరత్నమ్మ అప్పటికే పొయ్యి రాజేసి కూర్చుంది. ఆమె ఒళ్లో మడత పెట్టిన తెల్లచీర ఉంది. సన్నటి ఎర్రంచు పొయ్యి వెలుగులో కనిపిస్తోంది.

"వచ్చినావా శెట్టీ," అంది తల ఎత్తకుండా. "రాత్రి ఒంటి చెప్పుతో ఉరికినావు గదా, కాలికేం గుచ్చుకోలేదు కదా?"

కేశవయ్య పొయ్యి ముందు చతికిలబడ్డాడు.

రాత్రి మిల్లులోకి వచ్చింది ఆమేనట. పగలు తీసుకోలేదు కాబట్టి, కూలిన గోడ దాటి వచ్చి చీర తనే పెట్టి పోదామనుకుందట. గుట్టలో ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని తెలిసిందట. దాక్కున్నవాణ్ని బయటికి లాగడం మర్యాద కాదని ఊరుకుందట. తర్వాత ఒంటి చెప్పు చప్పుడూ గేటు తాళం చప్పుడూ వినబడితే, తాళంచెవి ఉన్న శెట్టేనని పోల్చుకుందట.

"ముప్పై ఏండ్లు పత్తి పట్టిన చేతులు గదా తల్లీ," అంది అలివేలమ్మతో, ఒళ్లో చీర ఆమెకు అందిస్తూ. "గుట్ట తడమంగానే తెలిసింది. మధుపర్కం నేత. అంచుకు పసుపు ఇంకా గట్టిగా ఉండాది. ఇది ఇచ్చే చీర కాదు, తెలీక యేసినారు, లారీ ఎక్కితే మళ్లా రాదు అని... తెచ్చి పెట్టినా."

అలివేలమ్మ చీర తీసుకుని గుండెకు హత్తుకుంది. ఏడుస్తున్నానని దాచుకోలేదు. తర్వాత తను తెచ్చిన ఉత్త తెల్లచీరను ముసలామె చేతుల్లో పెట్టింది. కేశవయ్య తప్పయిందన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు.

సుబ్బరత్నమ్మ ఆ చీరను మళ్లీ ఆయన వైపే చాచింది.

"నేను పోయినప్పుడు కప్పుకుందామని దాచుకున్న చీర శెట్టీ. నాకేం తొందర లేదులే. నా మొగుడు పోయినప్పుడు పదో దినం మా నాయన తెల్లచీర తెచ్చి నా మీద కప్పినాడు. అది పుట్టింటోళ్లే తేవాల. ఆ ఒడ్డున ఎంతమందికి మొగుళ్లు పోయిండారో. పుట్టింటోళ్లు కూడా అదే నీళ్లల్లో పోయుంటే... ఎవరు తెస్తారప్పా?"

పొయ్యిలో పుల్ల చిటపటమంది. ఊరు మూడు రోజులుగా బట్టలిచ్చింది, కొవ్వొత్తులు వెలిగించింది, కెమెరా ముందు కళ్లు తుడుచుకుంది. ఈ ఒక్కటీ ఎవరికీ తోచలేదు. కేశవయ్య ఆ చీరను రెండు చేతులా అందుకున్నాడు. లారీలో అన్నిటికన్నా పైన తనే పెడతానని చెప్పాడు.

లేవబోతుండగా ఆయన చూపు ముసలామె చేతుల మీద పడింది. ఎండిన మణికట్లు. బోసిగా ఉన్నాయి. గాజులు ఉండవు కదా మరి... మొగుడు పోయి ఎన్నేళ్లయిందో.

కేశవయ్య మళ్లీ కూర్చున్నాడు.

"అవ్వా," అన్నాడు. "రాత్రి... నీతో ఎవరన్నా వచ్చినారా?"

సుబ్బరత్నమ్మ పొయ్యి లోపలికి పుల్ల తోసింది.

"నాకు గాజుల చప్పుడు వినపడింది."

ముసలామె చెయ్యి ఆగిపోయింది. చూపు లేని కళ్లను మెల్లగా ఆయన వైపు తిప్పింది. ఆ ముఖంలో భయం లేదు. చుట్టాలింటి నుంచి ఎవరో కబురు తెచ్చినప్పుడు ముఖం ఎట్లా విప్పారుతుందో అట్లా విప్పారింది.

"నీకు కూడా వినపడిందా? కండ్లు లేనిదాన్ని, ఆ గుంతల్లో ఒక్కదాన్నే యాడ పోతానప్పా. నా పక్కన పత్తి ఏరిన శివలీలే చెయ్యి పట్టుకోని తోడుకపోతాది. నాకు చప్పుడొకటే తెలుస్తాది, చూసింది లేదు." కాస్త ముందుకు వంగింది. "నువ్వు చూసినావా శెట్టీ?"

నిన్న ఒక్క అబద్ధానికి ఎంత పని పడిందో కేశవయ్యకు బాగా గుర్తుంది.

"చెయ్యి చూసినా."

"ఏం రంగువి?"

"పచ్చవి అవ్వా."

సుబ్బరత్నమ్మ చాలాసేపు తల ఊపుతూనే ఉంది. అలివేలమ్మ వచ్చి మొగుడి భుజం గట్టిగా పట్టుకుంది. అవతల రోడ్డు మీద మద్దిలేటి లారీ హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.

"ఆ దినం పొద్దున నేనే తొడిగించినా దానికి, ఆదోనిలో. పచ్చవే కావాలనె," అంది ముసలామె. "మిషన్లో పడినప్పుడు పగిలిపోయింటాయని నలభై ఏండ్ల నుంచి అనుకుంటాండా. చెప్పప్పా... అన్నీ ఉండాయా? ఒకటన్నా పగల్లేదు కదా?"

"లేదవ్వా," అన్నాడు కేశవయ్య. "మోచేతి దాకా నిండుగా ఉండాయి."